సుందరికి పదకొండో నెల

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఇంటర్ చదివే ఆ రోజుల్లో నేను మాట్లాడే మాటలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మిగిలినవన్నీ డైరీకే చెప్పుకునేదాన్ని. ముత్తుకూరు దాటాక సముద్రం వైపున్న మా ఊళ్ళో అదేమీ పెద్ద లోపం కాదు. నా వంతు కూడా ఇంట్లో తక్కినవాళ్ళు మాట్లాడేసేవాళ్ళు.

మా చిన్నాయనకు సుందరి అనే తెల్లగుర్రం ఉండేది. పెళ్ళికొడుకుల్ని ఊరేగించడం, ఆదివారాలు బీచిలో పిల్లల్ని తిప్పడం దాని ఉద్యోగం. చూలుతో ఉందని తెలియగానే ఆ ఉద్యోగం మాన్పించేశాడు. అంతకుముందుసారి నెలలు నిండకుండానే పిల్ల పోయింది మరి. ఈసారి ఏ లోటూ రాకూడదని మా అవ్వ, కాన్పుకొచ్చిన కూతురికి చేసినట్టే అన్నీ చేసింది. కొట్టంలో మెత్తగా వరిగడ్డి పరిచింది, పాతచీరలు ఉతికి మడతపెట్టింది, శొంఠి దంచి సీసాకెత్తింది. (అది చివరికి మేమే తిన్నాం.) దిష్టి తగలకుండా నల్లగాజులు తెప్పించి, ఎక్కడ తొడగాలో తేలక మెడతాడుకు కట్టింది.

చిక్కల్లా లెక్క దగ్గర వచ్చింది. మా ఇంట్లో అందరికీ తెలిసింది బర్రెలే. బర్రె పది నెలలకు ఈనుతుంది కాబట్టి గుర్రమూ పది నెలలకే ఈనాలని అవ్వ తీర్మానం. పది నెలలు దాటి వారమైనా సుందరి నింపాదిగా గడ్డి నములుతూ నిలబడింది. వాకిట్లో జనం చేరారు.

"పిల్ల అడ్డం తిరిగుంటాదిరా," అంది అవ్వ.

"ఇంకా ఏం చూస్తావన్నా? నెల్లూరికి తోలకపొయ్యి సూదేయిస్తే గంటలో ఈనేస్తాది. బండి కూడా పిలిపించినా," అన్నాడు పక్కింటి ఆటో అన్న. అన్నట్టే మినీలారీ వచ్చి ఆగింది. చిన్నాయన కళ్ళు తుడుచుకుంటూ తాళ్ళు విప్పసాగాడు.

గుర్రానికి పదకొండు నెలలు పడుతుందని, తొందరపడి సూదులేయిస్తే పిల్ల దక్కదని కాలేజీ లైబ్రరీలో చదివి డైరీలో రాసుకున్నాను. ఆ మాట చెప్పాలి. అంతమందిలో నోరు పెగల్లేదు. (ఫోనులో చూపిస్తే పోయేదిగా అంటారేమో. ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోనూ చిన్నాయన జేబులో ఉండేది. అడగాలన్నా మాట్లాడాలిగా!) లోపలికి పరిగెత్తి డైరీ తెచ్చి, ఆ పేజీ తెరిచి ఆయన చేతిలో పెట్టాను. కళ్ళద్దాలు దగ్గర లేక ఆయన దాన్ని ఆటో అన్నకిచ్చాడు. "చదువబ్బా, ఏందో రాసింది."

ఆటో అన్న వార్తలు చదివినట్టు అందుకున్నాడు. పదకొండు నెలల సంగతి చదివాడు. పొదుగు నిండి, చనుమొనల మీద మైనంలాంటి చుక్కలు కనిపిస్తేనే కాన్పు దగ్గరపడినట్టని చదివాడు. అక్కడ ఆగొచ్చు కదా! "'చిన్నాయన సుందరికి పెట్టే బెల్లంలో సగం పెట్టినా పిన్నమ్మకు ఇంత కోపం ఉండదు. ఆటో అన్న అన్నీ తెలిసినట్టే మాట్లాడతాడు గానీ...'" గొంతు కాస్త తగ్గింది. "'...ఆయనకు తెలిసింది ఆటో ఒక్కటే.' ఏంది పాపా ఇది!"

వాకిలంతా ఒకటే నవ్వు. పిన్నమ్మ మాత్రం నవ్వలేదు. "బిడ్డ అబద్ధం రాసిందా?" అని చిన్నాయన వైపు చూసింది. నేను తలుపుచాటున సగం చచ్చిపోయాను. చిన్నాయన వంగి సుందరి పొదుగు చూశాడు. పాలు దిగిన జాడే లేదు.

"బండి ఎనక్కి పంపీ అబ్బా," అన్నాడు.

ఆపైన రోజూ పొదుగు చూసే పని నాకే అప్పజెప్పారు. నాలుగు వారాలకు చుక్కలు కనిపించాయి. జనం మళ్ళీ చేరారు, సుందరి మళ్ళీ నింపాదిగా నిలబడింది. మర్నాడు పొద్దున్నే అందరూ టీ తాగడానికి కదలగానే, అదే అదనుగా పడుకుంది. కాసేపటికి గడ్డిమీదకు నల్లటి పిల్ల ఒకటి జారింది. (పెరిగేకొద్దీ తెల్లబడుతుందని చెప్పేదాకా అవ్వకు అనుమానం తీరలేదు.) కదల్లేదు. నేను గడ్డిలోకి వంగి దాని ముక్కు దగ్గర చెవి పెట్టాను. అది మెల్లగా తల ఎత్తి, ఒక్క తుమ్ము తుమ్మింది.

"తుమ్మింది! బతికుంది! అందరూ రండి!"

వీధి చివర టీబంకు దగ్గరున్నవాళ్ళు గ్లాసులతోనే పరిగెత్తుకొచ్చారు. "ఎవురే ఆ అరిచింది?" అని అవ్వ చుట్టూ వెతికింది. అక్కడ సుందరి, దాని పిల్ల, నేను తప్ప ఎవరూ లేరు.

ఇప్పుడు నెల్లూరులో ఉద్యోగం. మీటింగులో నా వంతు వస్తే ఇంకా మాట తడబడుతుంది. అప్పుడు, జుట్టునిండా గడ్డిపరకలతో వీధంతా వినేలా అరిచిన ఆ పిల్ల గుర్తొస్తుంది. భలేదానివే అనుకుని, మైకు కాస్త దగ్గరకు లాక్కుంటాను.