ముగ్గుసారు వద్దన్న సంబంధం

తాండూరు నాపరాయి గనుల్లో చంద్రప్ప అంటే ఎవరికీ తెలియదు. ముగ్గుసారు అంటేనే తెలుస్తుంది. సంచిలోంచి సుద్దముక్క తీసి, ఎదురుగా ఏ బండ కనిపిస్తే దాని మీద మగవాళ్ళకు చదరాలు, ఆడవాళ్ళకు సున్నాలు గీసి, ఎవరు ఎవరికి పుట్టారో, ఎవరు ఎవర్ని కట్టుకున్నారో గీతలు కలుపుతూ పోయేవాడు. ఇంత చదువు చదివి ఆడవాళ్ళ పని చేస్తున్నాడేమని కూలికొచ్చిన ఆడవాళ్ళు పకపకా నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. నవ్వినవాళ్ళు నోరు విప్పుతారని, పల్లెటూరివాళ్ళ చేత నోరు విప్పించడం తనకు తెలిసినంతగా పట్నం చదువులవాళ్ళెవరికీ తెలియదని ఆయన ధీమా. ఆ ధీమాయే కొంప ముంచింది. కాకపోతే మునిగిన కొంప ఆయనది కాదు.

చంద్రప్ప తండ్రి తాండూరులో కందుల వ్యాపారి దగ్గర గుమాస్తా. ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు, బడిలో ఉర్దూ. పట్నం వెళ్ళి జంతుశాస్త్రం ఉర్దూలోనే మొదలుపెట్టాడు. నలభై ఎనిమిదిలో రాజ్యం మారింది, దానితో పాటు పాఠాల భాషా మారింది, ఉర్దూలో కోసిన కప్పనే మళ్ళీ ఇంగ్లీషులో కోయవలసి వచ్చింది. ఆ కప్పలతో విసిగిపోయాడో ఏమో, పెద్ద చదువుకు వచ్చేసరికి మనుషుల మీద పడ్డాడు. తోటివాళ్ళు సీసాల్లో ఈగల్ని పెంచుకుంటూ వాటి రెక్కల్లో వంశపారంపర్యాన్ని వెతుక్కుంటుంటే, ఈయన వికారాబాద్ స్టేషను దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని మోమిన్‌పేట్, నవాబుపేట, బంట్వారం ఊళ్ళన్నీ తిరిగాడు. ముసలితనం ఒక ఇంటికి అరవైలో వస్తుంది, పక్కింటికి నలభైలోనే వస్తుంది, ఎందుకని? ఏ జబ్బు ఏ వంశంలో దిగుతుంది, ఏ దారిన దిగుతుంది? ఇవీ ఆయన ప్రశ్నలు. జుట్టు చూసేవాడు, పళ్ళు చూసేవాడు, చెవి దగ్గర గడియారం పెట్టి వినిపిస్తోందా అని అడిగేవాడు. వయసు అడిగితే మాత్రం “పట్నంల మూసీ పొంగిన యేడు నేను దూడలను కాస్తున్న సారూ” అనేవాళ్ళు. దూడల్ని కాసే వయసెంతో చంద్రప్పకు తెలుసు కనుక ఆ చిక్కు ఆయన్ని పెద్దగా బాధించలేదు.

ఇలాంటి చోట ఆయన్ను మించినవాడు లేడు, ఒప్పుకోవాలి. పుట్టిన పిల్లలు వరసగా దక్కకపోతే, తర్వాతివాణ్ని చేటలో పడుకోబెట్టి ఇల్లిల్లూ తిరిగి బిచ్చమెత్తి, ముక్కు కుట్టించి, బిచ్చయ్య అని పేరు పెట్టడం ఆ వైపు ఆచారం. బిచ్చానికి దొరికినవాడిని చావు కూడా చిన్నచూపు చూసి వదిలేస్తుందని నమ్మకం. చంద్రప్ప కూడా అలా దక్కినవాడే, బడిలో వేసేటప్పుడు పేరు మార్చారు. ఆయన ముక్కుకు ఆ బెజ్జం జొన్నగింజంత ఇంకా ఉంది. అందుకే బిచ్చయ్య అనే పేరు వింటే చాలు, ఆ తల్లిని ఇంకేమీ అడగకుండా, ముందు పుట్టి చచ్చిపోయిన పిల్లల గుర్తులు తానే గీసుకునేవాడు. పోయిన బిడ్డల్ని తల్లి నోట లెక్కపెట్టించడం ఆయనకు పాపమనిపించేది. మంచి మనసే. మంచి మనసుతో చేసిన తప్పుకు మందు ఉండదు, అదే బాధ.

యాభై ఆరులో, వానలు తగ్గాక, రాళ్ళు కొట్టే చెన్నయ్య ఇంటికి వెళ్ళాడు. చెన్నయ్య తండ్రి నలభై దాటకుండానే గుడ్డివాడయ్యాడు. ఇప్పుడు చెన్నయ్య పెద్దకొడుకుకు అదే పట్టుకుంది. మీసాలు సరిగ్గా రాకముందే రేచీకటి, ఆపైన పగలు కూడా మసక. ఇరవై ఏళ్ళవాడు డెబ్బై ఏళ్ళవాడిలా గోడ తడుముకుంటూ నడుస్తున్నాడు. చంద్రప్ప వాకిట్లో బండ మీద ముగ్గు మొదలుపెట్టాడు. చెన్నయ్య కట్టుకున్నది సొంత పెద్దక్క బిడ్డనే. చెన్నయ్య చెల్లెలు ఇంద్రమ్మ పక్కింట్లోనే ఉంటుంది, ఆమె భర్త పోయాడు, ఒక్కడే కొడుకు.

“గీడు నా కొడుకు బిచ్చయ్య సారూ,” అంది ఇంద్రమ్మ, గొంతు తగ్గించి. “గీడు నాకు...” అని ఆగింది.

చంద్రప్ప కుర్రవాడి ముక్కు చూశాడు, బెజ్జం కనపడింది. ఆయన మనసు కరిగిపోయింది.

“చెప్పకు అక్కా, నాకెర్కే,” అన్నాడు. “ముందటోల్లు దక్కలే. బిచ్చమెత్తి పేరు వెట్టినవ్. నాదీ గదే కథ, సూడు” అని తన ముక్కు చూపించాడు.

ఇంద్రమ్మ ఆయన్ను కాసేపు అలాగే చూసింది. “అవు సారూ,” అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పోయిన పిల్లలు గుర్తొచ్చారు పాపం అనుకుని చంద్రప్ప ఇంద్రమ్మ సున్నా కిందనే బిచ్చయ్య చదరం గీశాడు.

ఆ చదరం పక్కనే ఇంకో సున్నా గీయవలసిన రోజు దగ్గర్లోనే ఉందని ఆ సాయంత్రమే తెలిసింది. చెన్నయ్య కూతురు బుగ్గమ్మను బిచ్చయ్యకు ఇవ్వాలని చిన్నప్పటి నుంచీ అనుకున్నదే. గనుల్లో అందరూ ఆ పిల్లను “బిచ్చయ్య పెండ్లామా” అనే పిలిచేవాళ్ళు, ఆమె రాయి తీసుకుని వెంటపడేది, అలా పిలవొద్దని మాత్రం అనేది కాదు. బిచ్చయ్య ఇల్లు కట్టడానికని పగుళ్ళులేని నాపరాళ్ళు ఏరి పెట్టుకున్నాడు. ఎండలు రాగానే పెళ్ళి.

“మా పెద్దోనికి వచ్చిన రోగం బుగ్గవ్వ పిల్లలకు గూడ వస్తదా సారూ?” అని అడిగాడు చెన్నయ్య.

చంద్రప్ప ఓపిగ్గానే చెప్పాడు. ఈ జబ్బు తల్లి వైపు నుంచి ఒక పాలు, తండ్రి వైపు నుంచి ఒక పాలు, రెండూ కలిస్తేనే బయటపడుతుంది. ఒక్క పాలే ఉన్నవాడి కళ్ళు నిక్షేపంలా ఉంటాయి కాని, లోపల అది దాగి ఉంటుంది. ఇంద్రమ్మ ఆ గుడ్డి తండ్రి కూతురే కదా, ఆమెలో ఒక పాలు తప్పక ఉంటుంది, కొడుక్కీ వచ్చి ఉండవచ్చు. బుగ్గమ్మలోనూ ఉండవచ్చు. ఆ ఇద్దర్నీ కలిపితే నిప్పుకు గడ్డి అందించినట్టే.

“గీ పిల్లగానికి ఇయ్యకు చెన్నయ్యా.”

బిచ్చయ్య ముందుకొచ్చాడు. “నా కండ్లు మంచిగనే ఉన్నయ్ గద సారూ. చీకట్ల సూది వడ్డా దొరకవడ్త.”

“నీ కండ్ల సంగతి కాదు తమ్మీ, నీ రక్తం సంగతి.”

గడపలో నిలబడ్డ ఇంద్రమ్మ నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. బుగ్గమ్మ లోపలికి వెళ్ళిపోయింది. చెన్నయ్య చాలాసేపు బండ మీది గీతలు చూసి, “సరే” అన్నాడు. ఇన్ని ఊళ్ళు తిరిగితే తన శాస్త్రాన్ని నమ్మి ఒక మనిషి నడుచుకోవడం అదే మొదటిసారి. వికారాబాద్ రైల్లో చంద్రప్ప గర్వంగా కూర్చున్నాడు. ఎవరైనా ఆయన్ను ఆ రైల్లోంచి దింపేసి, మళ్ళీ ఆ ఇంటికి తరిమి ఉంటే ఎంత బాగుండేది!

ఎందుకంటే చెన్నయ్య బిచ్చయ్య గురించి అడిగాడు, ఈయన బిచ్చయ్య గురించే చెప్పాడు. మరి పిల్లను ఎవరికిస్తావని అడగలేదు. పరాయింటికి పిల్లనివ్వడం ఆ కుటుంబంలో లేదని తన ముగ్గులోనే కనిపిస్తున్నా అడగలేదు. వాళ్ళు బుగ్గమ్మను బంట్వారంలో ఉన్న ఆమె మేనమామకే, అంటే తల్లి సొంత తమ్ముడికే, చెన్నయ్య పెద్దక్క కొడుక్కే ఇచ్చారు. అటు తిప్పినా ఇటు తిప్పినా ఆ గుడ్డి తాత మనవడే. బిచ్చయ్య ఏరిపెట్టిన రాళ్ళు ఎవరికో అమ్మేసి, వాడి జంక్షను వైపు గనులకు పోయాడు. మళ్ళీ పెళ్ళి మాటెత్తితే తల్లి మీద కూడా విసుక్కునేవాడు.

చంద్రప్పకు ఈ సంగతి రెండేళ్ళ తర్వాత తెలిసింది. బంట్వారం వెళ్ళి చెప్పాలనుకున్నాడు. అప్పటికే చెన్నయ్య ఇంటి ముగ్గు ఆయనకు డాక్టరు పట్టా తెచ్చింది, కలకత్తా సభలో గోడంత తెర మీద దాన్ని చూసి పెద్దపెద్దవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఈ వారం కాదు వచ్చే వారం అనుకుంటూ పోయాడు, ఆ వారం ఎన్నడూ రాలేదు.

అరవై అయిదులో వాళ్ళే వచ్చారు. వికారాబాద్ గదిలో చంద్రప్ప కాగితాలు సర్దుకుంటుంటే ఇంద్రమ్మ, ఆమె వెనక బుగ్గమ్మ, బుగ్గమ్మ కొంగు పట్టుకుని ఐదేళ్ళ పిల్ల. పొద్దుగూకితే పిల్లకు అన్నం పళ్ళెం కనపడడం లేదట. చంద్రప్ప కిటికీ మూసి, పిల్లను తన దగ్గరికి రమ్మన్నాడు. పిల్ల నవ్వుతూ వచ్చి ముక్కాలిపీట తట్టుకుని పడింది. ఇంకేమీ చూడనక్కర్లేదు. ఏడుస్తున్న పిల్లకు మక్కకంకి కొనిపెడతానని బుగ్గమ్మ బయటికి తీసుకుపోయింది.

ఇంద్రమ్మ నేల మీద కూలబడింది.

“ఇయ్యాల చెప్పకుంటె నా పానం గూడ వోదు సారూ. బిచ్చయ్య నా కడుపుల పుట్టలే. నాకు ముగ్గురు పుట్టి పొయ్యిన్రు, గది నిజమే. షాబాదు దిక్కు గనులల్ల ఉన్నప్పుడు గత్తరొచ్చి, పక్క గుడిసెల కన్నడపామె వాంతులు చేస్కొని సచ్చింది. పొత్తుల పిల్లగాడు ఏడుస్తుండు. నేనూ నా పెనిమిటి ఎత్తుకున్నం. ఏ కులమో, ఎవల పిల్లగాడో. మావోల్లు అడుగుతరని బిచ్చమెత్తి, ముక్కు కుట్టిచ్చి, నా కొడుకే అని తీస్కొచ్చిన.”

చంద్రప్ప ఆమె ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు. “నాకెందుకు చెప్పలే అక్కా?”

“మొదటి దినమే చెప్పవోయిన. నువ్వే నాకెర్కే అన్నవ్. ఇగ లగ్గం వద్దన్న దినం చెప్తె, కులం తెల్వనోనికి మా అన్న పిల్లనిస్తుండెనా? పిల్లా రాకపోవు, కొడుకూ నాకు కొడుకు కాకుంట వోవు.” ఆమె ముఖం పైకెత్తింది. “ఒక్కటి చెప్పు సారూ. నేను నోరు తెరిస్తె గీ పసిదాని కండ్లు మంచిగుంటుండెనా? తప్పు నాదేనా?”

“నాదే అక్కా,” అన్నాడు చంద్రప్ప. “నేను అడగలే.”

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆ అమ్మ పెట్టబోతే ఈయన వద్దన్నాడు. ఆ వంశంలో బుగ్గమ్మకు వరసైన మగపిల్లలందరిలో ఆ గుడ్డి తాత రక్తం ఒక్క చుక్క కూడా లేనివాడు ఒకే ఒక్కడు. ఏరికోరి ఆ ఒక్కడినే వద్దన్నాడు. అదీ రక్తం పేరు చెప్పి! చంద్రప్ప తల రెండు చేతులతో పట్టుకున్నాడు. పట్టా, చప్పట్లు అన్నీ ఆ క్షణాన ఆయనకు రోతగా అనిపించాయి.

“బుగ్గవ్వకు చెప్పకు సారూ, నీ కాల్మొక్త,” అంది ఇంద్రమ్మ. “బిచ్చిగానికి అస్సలె తెల్వొద్దు. వానికి నేను దప్ప ఎవలున్నరు?”

బుగ్గమ్మ పిల్లతో తిరిగొచ్చింది. గుమ్మంలోనే నిలబడి, మేనత్త వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసింది.

“సారూ, గా యేడు నిన్ను మస్తు తిట్టిన. నీ నోట్ల మన్ను వడ అన్న. ఇప్పుడొకటి అడుగుత, నిజం చెప్పు. బిచ్చయ్య బావను చేస్కున్నా నా బిడ్డకు గిట్లనే అవుతుండెనా?”

ఇంద్రమ్మ నేల చూపులు చూస్తోంది. ఆయన బతుకంతా జనం నోట నిజం రాబట్టడానికే తిరిగాడు. ఇప్పుడు ఆ నిజం తన నోట్లోనే ఉంది. చెబితే ఒక తల్లికి కొడుకు పోతాడు. ఈ పిల్లకు చూపు రాదు, దక్కకుండా పోయిందేమిటో బుగ్గమ్మకు రోజూ గుర్తుండిపోతుంది, అంతే.

“అవుతుండె బిడ్డా,” అన్నాడు. “గిట్లనే అవుతుండె.”

బుగ్గమ్మ పెద్దగా ఊపిరి వదిలింది. ఎన్నేళ్ళ బరువో దిగిపోయినట్టు ఆమె ముఖం తేటపడింది.

“గట్లనా. అయితె నువ్వు మా మంచికే చెప్పినవ్ సారూ. ఇన్నేండ్లు నిన్ను ఉత్తగనే తిట్టుకున్న.” కూతుర్ని ముందుకు తోసింది. “సారుకు దండం పెట్టు బిడ్డా.”

కిటికీ ఇంకా మూసే ఉంది. పిల్ల, ఆయన లేని వైపు తిరిగి, రెండు చేతులూ జోడించింది.