బ్రిక్‌ఫీల్డ్స్‌లో యిడ్డిష్

తప్పులు దిద్దే జబ్బు నాకుంది. కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లోని ఒక టిఫిన్ హోటల్లో, నా ఎదురుగా కూర్చున్న అమెరికా ముసలావిడ ఫోన్లో మనవరాలితో జర్మన్‌లో మాట్లాడుతోంది. నాలుగేళ్లు జర్మనీలో పనిచేసినవాణ్ణి కదా, ఊరుకోలేకపోయాను. ఆవిడ ఫోన్ పెట్టేయగానే, "మీ జర్మన్‌లో చాలా తప్పులున్నాయండీ" అని ఇంగ్లీషులో అన్నాను.

ఆవిడ చెంచా కింద పెట్టింది. "ఇది జర్మన్ కాదు, యిడ్డిష్. మా యూదుల భాష. రెండూ ఒక తల్లి బిడ్డలే, కానీ మాది ఎప్పుడో వేరు కాపురం. రాసేది హీబ్రూ లిపిలో. మాట్లాడేవాళ్లను లక్షల్లో చంపేశారు, అయినా బతికింది. నా మనవరాలు ఇంగ్లీషులో పిలిస్తే నేను పలకను."

"ఏటంటంది ఆవిడ?" అంది హోటల్ నడిపే అప్పలమ్మ. అప్పలమ్మ తాతలు విజయనగరం వైపు నుంచి రబ్బరు తోటల్లో పనికి వచ్చినవాళ్లు. విన్నదంతా చెప్పాను. అప్పలమ్మ వెంటనే, తమిళంలో దోశ అడుగుతున్న తన మనవరాలి వైపు తిరిగింది.

"నాతోటే పోతాది మన భాస. తెలుగులో అడుగు, అప్పుడే ఏస్తాను లా!" అంది, చివర మలేషియా వాళ్ల ఊతపదం తగిలించి.

ఆ పిల్ల చాలాసేపు తడుముకుంది. "అమ్మమ్మా... నాకి దోశ వేణుం... కావాల."

దిద్దబోయి తెరిచిన నోట్లో ఇడ్లీ ముక్క కుక్కుకున్నాను.