పెద్దమ్మ కుర్చీ బెత్తెడు పొట్టి

చైనాలో వెయ్యేళ్ళ నాటి సమాధుల గోడల మీద ఒక బొమ్మ కనిపిస్తుంది. బల్లకి అటొక కుర్చీ, ఇటొక కుర్చీ. వాటిలో భార్యాభర్తలు ఎదురెదురుగా, సమానంగా కూర్చుని ఉంటారు. అంతకుముందు చాపల మీద కూర్చున్న జనం కుర్చీలెక్కిన కాలమది. చనిపోయాక కూడా ఆ ఇద్దరూ కలిసి భోంచేయాలని ఇంటివాళ్ళ కోరిక. రామచంద్రపురంలో చరిత్ర పాఠాలు చెప్పుకునే నాకు ఒక పుస్తకంలో ఆ బొమ్మ చూడగానే మలికిపురంలోని పెద్దమ్మ గుర్తొచ్చింది. మోకాళ్ళు అరిగిపోయాయి, నేల మీద కూర్చోవద్దని డాక్టరు కోప్పడ్డాడు. అయినా పెద్దనాన్న ఎదుట కుర్చీలో కూర్చోదు. ఒళ్ళు మండి, అచ్చం అలాంటి జత కుర్చీలు చేయమని అమలాపురంలో ఒక వడ్రంగికి ఆ బొమ్మ నకలు చూపించి చెప్పాను. ఇది తొంభై తొమ్మిది నాటి మాట.

వాటిని తేవడానికి ఏడింటికల్లా కోటిపల్లి బస్సెక్కాను. రేవుకి వెళ్తే, బళ్ళనీ జనాన్నీ గోదావరి దాటించే పంటు అవతలి ఒడ్డున ఉంది. ఎండలో గంటసేపు నిలబెట్టి, తీరా వచ్చాక రెండు లారీలు ఎక్కేదాకా కదల్లేదు. ముక్తేశ్వరం నుంచి మరో బస్సు. అమలాపురం చేరేసరికి పదకొండు దాటింది. కుర్చీలు రెండూ పక్కపక్కన పెట్టించి చూశాను. చెక్కడం, పాలిష్ అన్నీ ఒకటే. కానీ ఒకటి రెండోదానికంటే బెత్తెడు పొట్టి!

"రెండూ ఒకేలా ఉండాలని ఎన్నిసార్లు చెప్పానండీ?"

"ఆయ్, ఒకేలా చేసేనండి," అన్నాడు వడ్రంగి సత్తిబాబు, నేను మెచ్చుకుంటానని చూస్తూ. "ఒకటి పెద్దమ్మగారికని తమరే చెప్పేరు కదండీ. అయ్యగారి ఎదురుగా సమానంగా అంటే ఆవిడ మొహమాటపడతారని నేనే కాళ్ళు తగ్గించేనండి."

బొమ్మ మళ్ళీ చూపించాను. "ఆళ్ళు చైనావోళ్ళు కదండీ," అన్నాడు.

కోసేసిన కాళ్ళు అతకవు. తిట్టుకుంటూనే మూడొందలకి వ్యాను మాట్లాడుకుని, పి.గన్నవరం, రాజోలు మీదుగా మలికిపురం చేరేసరికి మూడయింది. కుర్చీలు వసారాలో దింపితే పెద్దమ్మ పొట్టిదాన్ని కూడా తాకలేదు. మోకాళ్ళు పట్టుకుని, గోడవారగా నేల మీదకి జారింది. "నాకెందుకే అమ్మడూ ఈ సోకులు?" అంది. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

పెద్దనాన్న బొమ్మ అడిగి తీసుకున్నారు. "ఇదెక్కడిదే?"

"సమాధిలోది పెద్దనాన్నా."

"అంటే చచ్చేక కూర్చోబెట్టేరన్నమాట." ఆయన బొమ్మ నా చేతికిచ్చేశారు. తర్వాత పెద్దమ్మకి చెయ్యి అందించారు. "మనం అందాకా ఆగడం దేనికి? లే, కూర్చో."

ఆవిణ్ణి ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, "పొట్టిదాంట్లోంచి లేవడం నీ మోకాళ్ళ వల్ల కాదు," అంటూ తాను రెండోదాంట్లో కూలబడ్డారు.

ఇంట్లో ఎవరు ఎంత ఎత్తున కూర్చోవాలో ఎవరూ రాసిపెట్టరు. అయినా ఇంటిల్లిపాదికీ తెలుసు, ఆఖరికి వడ్రంగికీ తెలుసు. నా కోపమంతా దాని మీదే. ఆ సాయంత్రం పెద్దమ్మ కుర్చీ అంచునే కూర్చుంది. పెద్దనాన్న దగ్గినప్పుడల్లా లేవబోయింది. ఆయన "కూర్చోవే" అంటూనే ఉన్నారు.

మా వైపు వచ్చి జత కుర్చీలు చేయించుకునేవారికి ఒక సలహా: వడ్రంగికి కొలత చెప్పండి. ఎవరి కోసమో మాత్రం చెప్పకండి.