అతే టూరిస్టు వీసా, మా చిన్నమ్మ పసుపు

ఇరవై మూడేళ్ళ వయసులో ఉన్నంత తెలివి మనిషికి మళ్ళీ జన్మలో రాదు. ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. మస్కట్‌లో, అల్ ఖువైర్‌లోని ఒక పళ్ళ క్లినిక్‌లో రిసెప్షనిస్టుగా చేరి ఏడు నెలలు. ఫోనెత్తడం, అపాయింట్‌మెంట్లు రాయడం, ఏడ్చే పిల్లలకి బెలూన్లు ఇవ్వడం తప్ప నేను చేసిన ఘనకార్యం ఏదీ లేదు. అయినా కడప నుంచి ఒంటరిగా విమానమెక్కి (కడపలో కాదు లెండి, బస్సులో హైదరాబాదు వెళ్ళి ఎక్కాను, సాగనంపడానికి పదకొండుమంది వచ్చారు) పరదేశంలో కాలు పెట్టినదాన్ని కదా, పాస్‌పోర్టులు, వీసాలు, కాగితాల విషయంలో నన్ను మించినవాళ్ళు లేరని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే ఒక మంచి మనిషి కొంప ముంచినంత పని చేశాను.

ఆ మంచి మనిషి మా క్లినిక్‌లో నర్సు. ఫిలిప్పీన్స్ ఆవిడ. హమ్రియాలో ఇద్దరం ఒకే రూమ్‌లో ఉండేవాళ్ళం. నేను ఆమెను అతే అని పిలిచేదాన్ని. వాళ్ళ భాషలో అక్క అని అర్థం. ఆమె నా దగ్గర నేర్చుకుని నన్ను చెల్లీ అనేది. నలభై దాటినా పెళ్ళి చేసుకోలేదు, నవ్వితే కళ్ళు మూసుకుపోయేవి, బట్టలు ఇస్త్రీ చేసిందంటే మడతతో కూరగాయలు తరగొచ్చు. ఒకరోజు భోజనాల వేళ డబ్బా మూత తీస్తూ, టూరిస్టు వీసా మీద యూరప్‌లో ఒక దేశానికి వెళ్దామనుకుంటున్నానని చెప్పింది. (ఏ దేశమో చెప్పను. నా మూలంగా వాళ్ళు పడ్డ ఇబ్బంది చాలు.) అక్కడ ఎవరున్నారని అడిగాను. ఎవరూ లేరట, అందుకే ఆ దేశమట. మా ఇద్దరి మధ్య నడిచే భాష ఇంగ్లీషు, అందులో కాస్త హిందీ, కాస్త అరబ్బీ కలిసేవి. ఆమె అన్నది నేను తెలుగులో చెబుతున్నాను. "పందొమ్మిదేళ్ళలో మూడు దేశాల్లో దిగాను చెల్లీ. దిగిన ప్రతిచోటా నా పేరు రాసిన అట్ట పట్టుకుని ఎవరో ఒకరు నిలబడి ఉండేవాళ్ళు. ఏజెన్సీ వాళ్ళో, కంపెనీ వాళ్ళో. ఒక్కసారి ఎవరూ నిలబడని చోట దిగాలి" అంది.

అంతవరకు బాగానే ఉంది. ఆమె స్నేహితురాళ్ళు విన్న రోజు నుంచి మొదలైంది కంగారు. ఒంటరి ఆడది, గల్ఫ్‌లో ఉద్యోగం, చేతిలో ఫిలిప్పీన్స్ పాస్‌పోర్టు. వెళ్తే తిరిగి రాదనుకుంటారు, ఇవ్వరు అంది ఒకావిడ. ఒక్కసారి రిజెక్ట్ అయితే కంప్యూటర్లో చచ్చేదాకా ఉండిపోతుంది, ఇంకే దేశమూ రానివ్వదు అంది ఇంకొకావిడ. ఏజెంటుకి ఇచ్చేసి నిశ్చింతగా ఉండమన్నది మూడో ఆవిడ. అతే అందరి మాటా విని, అన్నిటికీ తలూపి, "ఇది మాత్రం నా చేత్తో నేనే చేసుకుంటాను" అంది. అన్నదే గానీ ఆ నెలంతా ఆమె నిద్రపోగా నేను చూడలేదు. హోటల్ బుకింగ్, విమానం టికెట్ రిజర్వేషన్, ఇన్సూరెన్సు, బ్యాంకు ముద్ర వేసిచ్చిన స్టేట్‌మెంటు, సెలవు ఇచ్చామనీ ఉద్యోగం అలాగే ఉంటుందనీ మా డాక్టరమ్మ రాసిచ్చిన ఉత్తరం, తెల్లటి వెనక తెరతో ఫోటో. ఒక్కొక్కటే నీలం ప్లాస్టిక్ ఫైల్లో చేరుతూ వచ్చింది. ఎందుకు వెళ్తున్నదీ చెబుతూ సొంతంగా ఉత్తరం కూడా రాయాలట. అది నేను రాస్తానని ముందుకు దూకాను. "గౌరవనీయులైన అయ్యగారికి" అని ఇంగ్లీషులో మొదలెట్టి, ఈమె మర్యాదస్తుల కుటుంబంలో పుట్టినదనీ, ఎటువంటి దురలవాట్లూ లేవనీ, తమరు దయతలచి వీసా మంజూరు చేస్తే మీ మేలు మరువదనీ రెండు పేజీలు రాశాను. అతే ఓపికగా అంతా చదివి, నా మనసు నొచ్చుకోకుండా ఆరు లైన్లు మిగిల్చింది. ఆ ఆరింటిలోనూ నావి లేవు.

ఆదివారం పొద్దున కాగితాలు ఇవ్వాల్సిన అపాయింట్‌మెంట్. దానికి ముందు శుక్రవారం, అక్కడ సెలవు రోజు కాబట్టి, అతే చర్చికి వెళ్ళింది. మా చిన్నమ్మ వచ్చింది. చిన్నమ్మ మస్కట్‌లోనే ఒకరింట్లో వంట పనిచేసేది, శుక్రవారం సగం పూట సెలవు దొరికితే నా రూమ్‌కి వచ్చి నాకు తలంటి పోసి, నాలుగు చీవాట్లు వేసి వెళ్ళేది. ఆ రోజు బల్ల మీదున్న నీలం ఫైలు చూసింది.

"ఏందిమే ఈ కాయితాలు?"

"అతేవి చిన్నమ్మా. యూరప్ పోతాంది, చూసేదానికి."

"చూసేదానికా? పనికి కాదా? ఎవురు పంపిస్తాండారు?"

"ఎవురూ లేరు. తనే పోతాంది."

"ఒగతేనా! అమ్మ నా తల్లే" అని బుగ్గలు నొక్కుకుంది. తర్వాత ఫైలు వంక అనుమానంగా చూసి, "పసుపు పెట్నారా దీనికి?" అంది. వాళ్ళకి ఆ ఆచారం లేదని చెప్పాను. "వాళ్ళకి లేకపోతే మనకి లేదా? నీ వీసా కాయితానికి నాలుగు మూలలా పెట్నాము, వచ్చిందా లేదా?" అని నిలదీసింది. (నా వీసా ముందు వచ్చింది. ప్రింటు తీశాక పసుపు పెట్టారు. కానీ చిన్నమ్మతో వాదించి గెలిచినవాళ్ళు మా వంశంలో లేరు.) నిజం చెప్పాలంటే వాదించాలని నాకూ లేదు. పదో తరగతి హాల్ టికెట్ నుంచి పాస్‌పోర్టు దాకా మా ఇంట్లో పసుపు తగలని కాగితం లేదు. నెల రోజులుగా అతే పడుతున్న కంగారు చూస్తూనే ఉన్నాను. ఏదో ఒకటి చెయ్యాలి; ఉత్తరం ఎలాగూ పనికిరాలేదు. వంటింట్లోంచి పసుపు తెచ్చాను. చిన్నమ్మ అరచేతిలో నీళ్ళు చిలకరించి తడిపింది. పైనున్న ఒక్క కాగితానికి పెట్టి ఊరుకుంటే ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు. ఒకదానికి పెట్టి ఒకదానికి పెట్టకపోతే దోషం కదా అని నేనే అన్నాను. అప్లికేషన్, స్టేట్‌మెంటు, ఇన్సూరెన్సు, డాక్టరమ్మ ఉత్తరం. ప్రతి కాగితానికీ నాలుగు మూలలా, శ్రద్ధగా. పాస్‌పోర్టు అట్ట మీద చిన్నమ్మ కుంకుమ బొట్టు కూడా పెట్టింది. అన్నీ సర్ది, ఫైలు మూసి, ఏమీ ఎరగనట్టు టీ తాగాం. అతేకి చెప్పలేదు. వీసా వచ్చాక చెప్పి ఆశ్చర్యపరుద్దామని నా ఆలోచన.

తడి పసుపు ప్లాస్టిక్ ఫైల్లో రెండు రోజులుంటే ఏమవుతుందో అప్పటికి నాకు తెలియదు. ఆదివారం వీసా సెంటర్ హాల్లో, వెనక కుర్చీల్లో నేను అతే పక్కన కూర్చుని ఉండగా, టోకెన్ నంబరుకి ఇంకా ముగ్గురున్నారనగా, ఆమె శుక్రవారం నుంచి ముట్టని ఫైలుని ఆఖరిసారి సరిచూసుకుందామని తెరిచింది. కాగితాలు మూలలకి అంటుకుపోయి అట్టలా వచ్చాయి. విడదీస్తే పసుపు ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి పాకి, ఫోటోలో తెల్లటి తెర మీదికి కూడా చేరి, అతే కుడి చెవి పచ్చగా మెరుస్తోంది. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. "చెల్లీ, దీని మీద ఎవరైనా కూర తిన్నారా?" అంది మెల్లగా. చెప్పాను. చిన్నమ్మ పేరు ముందు చెప్పి, తర్వాత నా పేరు చెప్పాను. ఆమె కాగితాల మూలలు రుమాలుతో తుడవబోయింది. తిట్టి ఉంటే బాగుండేది. టోకెన్ నంబరు పిలిచారు.

కౌంటర్లో ఒమానీ అమ్మాయి. నా వయసే ఉంటుంది. అప్లికేషన్ వెలుతురుకి ఎత్తి చూసింది, మూల దగ్గర వాసన చూసింది. "కుర్కుమ్?" అంది. అరబ్బీలో పసుపుకి అదే మాట. అతే తల దించుకుని, "మా చెల్లి ఆశీర్వదించింది" అంది. నేను వెనక కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, దోషిని నేనే అన్నట్టు. ఆ అమ్మాయి నన్నూ కాగితాన్నీ మార్చి మార్చి చూసి, "మా అమ్మమ్మ దెబ్బ తగిలితే రాస్తుంది ఇది. కాగితానికేం దెబ్బ తగిలింది?" అంది. నవ్విందో లేదో నాకు గుర్తులేదు. అప్లికేషన్ కొత్తది కావాలి, ఫోటో కొత్తది కావాలి, పదకొండున్నరకి మీ టైము అయిపోతుంది, తర్వాత మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు అంది. పది యాభై అయింది. ఇద్దరం పరుగు. ఒక వీధిలో టైపింగ్ షాపు, ఇంకో వీధిలో ఫోటో స్టూడియో, మధ్యలో సెప్టెంబరు ఎండ. స్టూడియో అతను కదలకుండా ఉండమంటే అతే రొప్పుతోంది. ఆ ఫోటోలో ఆమెను ఎవరో తరుముతున్నట్టే ఉంటుంది. పదకొండు ఇరవై ఆరుకి కౌంటర్ దగ్గర నిలబడ్డాం. బ్యాంకు ముద్ర ఉన్న స్టేట్‌మెంటూ, డాక్టరమ్మ ఉత్తరమూ మాత్రం అప్పటికప్పుడు కొత్తవి రావు. "ఇవి ఇలాగే పంపిస్తాను. వాళ్ళేమంటారో నేను చెప్పలేను" అంది ఆ అమ్మాయి. పాస్‌పోర్టు మీది బొట్టు తడి టిష్యూతో ఆమే తుడిచింది.

టాక్సీలో అతే ఒక్క మాటే అంది. "ఇంకోసారి నా వస్తువు ముట్టుకునే ముందు నన్నడుగు చెల్లీ." అది అన్నాక మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. మామూలుగానే పలకరించేది, నా బట్టలు కూడా ఇస్త్రీ చేసేది. నాకు మాత్రం ముద్ద దిగేది కాదు. మా దేవుడికి కొబ్బరికాయలు మొక్కాను, సరిపోతుందో లేదోనని వాళ్ళ దేవుడికి కొవ్వొత్తులు మొక్కాను. చిన్నమ్మ రోజు విడిచి రోజు ఫోను: "వచ్చిందామే వీసా? నా చెయ్యి మంచిది, వస్తాదిలే." రాకపోతే ఆ పచ్చటి మూలల వల్లే రాలేదని నాకు జీవితాంతం తెలుస్తుంది. ఆమెకూ తెలుస్తుంది. ఒకే రూమ్‌లో రెండు మంచాల మీద ఆ సంగతి పెట్టుకుని ఎలా పడుకోవడం?

తొమ్మిదో రోజున క్లినిక్‌కి ఫోనొచ్చింది. ఎత్తింది నేనే, నా డ్యూటీయే అది. ఎంబసీ నుంచట. ఫలానా ఆవిడ మీ దగ్గర పనిచేస్తోందా అని అడిగారు. చేస్తోంది అన్నాను. సెలవు తర్వాత తిరిగి వస్తుందా అన్నారు. వస్తుంది అని ఊరుకుంటే అయిపోయేది. "తప్పకుండా వస్తుంది సార్. బట్టలన్నీ ఇక్కడే ఉన్నాయి. రైస్ కుక్కర్ ఇక్కడే ఉంది. పోయిన వారమే కొత్త ఇస్త్రీ పెట్టె కొంది సార్, పారిపోయే మనిషి ఇస్త్రీ పెట్టె కొంటుందా?" అన్నాను. అవతల నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం భరించలేక, "స్టేట్‌మెంటు మీద పసుపు నేనే పెట్టాను సార్, ఆమెకి తెలియదు, ఆమె చాలా శుభ్రమైన మనిషి" అని కూడా అనేశాను. ఆయన దగ్గాడో నవ్వాడో తెలియదు. థాంక్స్ చెప్పి పెట్టేశాడు. ఆ ఫోను సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. (ఇదే మొదటిసారి చెప్పడం.)

నాలుగు రోజుల తర్వాత అతే మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్ళి, అంటించిన కవరుతో తిరిగొచ్చింది. ఒంటరిగా తెరవడానికి ధైర్యం చాలలేదట. నా కౌంటర్ మీద పెట్టి తెరిచింది. తరుముతున్నట్టున్న ఆ ఫోటోతోనే వీసా అంటించి ఉంది. ఆమె నవ్వలేదు. పది రోజులు అని చదివింది, వేలు పెట్టి మళ్ళీ చదివింది, ఆ తర్వాత నా మెడ చుట్టూ చేతులేసి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పన్ను పీకించుకుని కూర్చున్న ఒకాయన, నోరు సగం మొద్దుబారినా, మాకు అభినందనలు చెప్పాడు.

అతే వెళ్ళింది, వచ్చింది. ఆమె వచ్చేరోజు నేను రూమ్ ఊడ్చి ఎదురుచూశాను. మా గల్ఫ్ వాళ్ళలో ఎవరు ఎక్కడినుంచి తిరిగొచ్చినా సూట్‌కేసు తెరిచేటప్పుడు చుట్టూ చేరడం ధర్మం. సూట్‌కేసులో ఆమె బట్టలున్నాయి. అంతే. చాక్లెట్లు లేవు, స్కార్ఫు లేదు, ఫ్రిజ్‌కి అంటించే బొమ్మ కూడా లేదు. "ఎవరికీ ఏమీ కొనలేదు చెల్లీ. నీక్కూడా" అంది, సంజాయిషీలా కాదు, చాలా సంతోషంగా. మరి పది రోజులు ఏం చేశావంటే, "నడిచాను. కాళ్ళు నొప్పి పుడితే కూర్చున్నాను. ఒకరోజు వాన పడితే మధ్యాహ్నం దాకా పడుకున్నాను" అంది. నాకు ఒళ్ళు మండింది. కొబ్బరికాయలు, కొవ్వొత్తులు మొక్కి, ఎంబసీ వాళ్ళతో ఇస్త్రీ పెట్టె గురించి మాట్లాడినదాన్ని, ఒక్క చాక్లెట్టుకి నోచుకోలేదా? రెండు రోజులు ముభావంగా ఉన్నాను. ఆమె గమనించింది కూడా. అయినా ఏమీ సర్దిచెప్పలేదు, వంటచేసుకుంటూ ఏదో కూనిరాగం తీసింది.

అది జరిగి తొమ్మిదేళ్ళు. అతే వాళ్ళ దేశం వెళ్ళిపోయింది, నాకు పెళ్ళయింది, అయినా నేనింకా మస్కట్‌లోనే ఉన్నాను. పోయిన నెల సెలవుకి ఇంటికి బయల్దేరుతూ సూట్‌కేసు సర్దాను. మరిదికి సెంటు, అత్తగారికి నొప్పుల నూనె, ఆడపడుచు పిల్లలకి చాక్లెట్లు, పక్కింటివాళ్ళకి ఖర్జూరాలు, ఎవరో అడిగిన పాలపొడి, ఇంకెవరో అడక్కపోయినా ఇవ్వకపోతే బాగుండదని కొన్న దుప్పటి. ముప్పై కిలోలయింది. నా చీరలు రెండు తీసేస్తే గానీ మూత పడలేదు. మూత మీద కూర్చుని జిప్పు లాగుతుంటే, ఆ రోజు చాక్లెట్టు కోసం అలిగిన ఇరవై మూడేళ్ళ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. కాసేపటికి నవ్వు ఆగింది. వాన పడితే మధ్యాహ్నం దాకా పడుకోవడానికి ఏయే కాగితాలు కావాలో అతేకి ఫోను చేసి అడుగుదామనుకున్నాను.