నూనె తీసే గుడ్డలు

పొద్దున ఆరింటికల్లా రెండు క్యారియర్లు కట్టి, పక్కన నాలుగు పాత గుడ్డలు మడిచిపెట్టడం పద్దెనిమిదేళ్లు నా పని. ఒక క్యారియర్ మా ఆయన వెంకటమునిది, ఇంకొకటి ఆయన దగ్గర పనిచేసే గోవిందస్వామిది. గుడ్డలు మిషనుకు. మార్గశిరంలో ఆయన పోయాక ఒక్క క్యారియరే కట్టేదాన్ని. గుడ్డలు మాత్రం నాలుగూ పోతూనే ఉండేవి.

మా షెడ్డు రేణిగుంట రోడ్డులో ఉంది. లోపల ఒకే ఒక్క సి.ఎన్.సి. లేత్, ఇనుమును తిప్పి చెక్కే కంప్యూటరు మిషను. ఇనుము కోసేటప్పుడు వేడెక్కకుండా దాని మీద పాలలాంటి నీళ్లు పడుతుంటాయి. కూలెంట్ అంటారు. అవి కింది తొట్టిలోకి పోయి మళ్లీ పైకి వస్తాయి. మిషనుకు పెట్టే నూనె కారి ఆ నీళ్ల మీద నల్లటి మీగడలా పేరుకుంటుంది. అది మూతలా కప్పేస్తే కింద నీళ్లు కుళ్లిపోతాయి. అందుకే నేను పంపిన నూలుగుడ్డ దాని మీద పరిచి, నూనె పీల్చాక చేత్తో పిండేవాళ్లు. నా చీరలు, ఆయన పంచెలు అన్నీ అలాగే పోయాయి.

అయినా సోమవారం తలుపు తీస్తే చచ్చిన ఎలుక వాసన. వెంటనే సాంబ్రాణి వేసేవాళ్లు. వాసన పోయింది కదా, నీళ్లు బాగయ్యాయనుకునేవాళ్లం. ఆ పొగలోనే నిలబడి ఇద్దరూ పని మొదలుపెట్టేవాళ్లు.

గోవిందస్వామిది నగరి. మరమగ్గాల ఇంట్లో పుట్టాడు. ఆ చప్పుడుకు ఎడమ చెవి సగం పోయింది. తెగిన పోగును కళ్లు మూసుకుని వేలితో పట్టుకున్న చెయ్యి, ఇక్కడ ఇనుప ముక్కలో వెంట్రుకవాసి తేడాను గోటితో చెబుతుంది. వారమంతా షెడ్డు వెనక గదిలో ఉండి, శనివారం సాయంత్రం బస్సెక్కి భార్య రుక్మిణమ్మ దగ్గరికి పోయేవాడు. మా ఆయన పోయిన పదమూడో రోజునే వచ్చి షెడ్డు తాళంచెవి అడిగాడు. "అన్న లేడని మిషనుకు తెలీదు కదా వదినా" అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది, ధైర్యమూ వచ్చింది.

వేసవిలో ఒకరోజు క్యారియర్ ఇవ్వడానికి పోయినప్పుడు గోవిందస్వామి దగ్గు విన్నాను. పొడి దగ్గు. మూడుసార్లు వచ్చి, తర్వాత ఊపిరి కోసం ఆగింది. మా ఆయనకూ అట్లే మొదలైంది. దుమ్ము అన్నాడు, చలి అన్నాడు, నా తాలింపు ఘాటు అన్నాడు, రెండేళ్లు గడిపాడు. చివరికి డాక్టరమ్మ అడిగింది, "ఈయన పనిచేసే చోట ఏం పీలుస్తాడమ్మా?" అని. చెప్పాను. కుళ్లిన నీళ్ల తుంపర రోజూ పీలిస్తే కొందరికి ఇలా కావచ్చు, ఇదే కారణమని గట్టిగా చెప్పలేను అంది. ఆ గుడ్డలు చాలనుకుని చించి పంపింది నేనే కదా.

"గోవిందస్వామీ, ఎన్నాళ్ల నుంచి ఈ దగ్గు?"

"నీ కారంపొడి వదినా. ఘాటు."

"ఆయన కూడా నా వంట మీదికే తోసినాడు."

గోవిందస్వామి చేతిలో గుడ్డను తొట్టి అంచున పెట్టేశాడు. "నూనె తీసే మిషను ఉండాదంట. స్కిమ్మర్. తెప్పించి సూద్దామా?" అన్నాడు.

రెండు రోజులకు మోహన్‌కృష్ణ అనే అమ్మకాల అబ్బాయి షెడ్డుకు రెండు రకాలు తెచ్చాడు. ఒకటి తిరిగే పళ్లెం. ఒకటి కిందికీ పైకీ తిరిగే పొడుగు పట్టీ. ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి, నూనె ఒలికించి, పళ్లెం తిప్పాడు. నూనె దానికి అంటుకుని, గీకే రేకు మీదుగా డబ్బాలోకి చక్కగా కారింది.

"సూడు వదినా, ఎంత ముద్దుగా తిరగతా ఉండాదో! ఇదే తీసుకుందాం" అన్నాడు గోవిందస్వామి.

నాకు భయమేసింది. సరిగా పనిచేయనిది కొంటే నాలుగు రోజులకు దాన్ని మూలన పెట్టి మళ్లీ గుడ్డ పట్టుకుంటాడు.

"మా తొట్టిలో పెట్టి చూపించు నాయనా" అన్నాను.

"ఎక్కడైనా ఒకటేనమ్మా."

"ఒకటే అయితే ఆడే పెట్టు."

లేత్ నడుస్తోంది. నీళ్లు గిలకొట్టుకుంటున్నాయి. పళ్లేనికి నూనె కంటే నీళ్లే ఎక్కువ వచ్చాయి. మరిగే చారు మీద నూనె చేరదు, దించిపెడితేనే తేలుతుంది. లేత్ ఆపమన్నాను. అరగంటలో నల్లటి పొర తేలింది. ఇప్పుడు పళ్లెం బాగానే తీసింది. అప్పుడు గోవిందస్వామి తొట్టి గోడ మీద వేలితో గీత గీశాడు.

"సాయంత్రానికి నీళ్లు ఈడికి దిగతాయప్పా. అప్పుడు నీ పళ్లెం యాడ తగలతాది?"

మోహన్‌కృష్ణ పళ్లెం తీసి పట్టీ బిగించాడు. నీళ్లు ఎంత దిగినా అది అడుగుదాకా వేలాడుతుంది. మా తొట్టి సందు జానెడే, అందులోనూ పట్టింది. పొద్దున లేత్ వేసే ముందు నడిపి, నూనె అయిపోయి నీళ్లు రావడం మొదలైతే ఆపేయాలన్నాడు. పట్టీదే ఖాయం చేశాం.

"మా ఆఫీసులో కూడా నాకు ఇంత పరీక్ష పెట్టలేదమ్మా" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"మా వదిన మూడో తరగతే సదివింది అబ్బా. నాలుగు సదివుంటే నీ గతేందో!" అని గోవిందస్వామి పెద్దగా నవ్వాడు. ఆ నవ్వులోంచే దగ్గు వచ్చింది. ఈసారి ఐదుసార్లు.

పట్టీ తొట్టిలో నూనె తీస్తుంది. గోవిందస్వామి రొమ్ములోకి పోయింది తీస్తుందా?

"గోవిందస్వామీ, ఈ కుళ్లిన నీళ్లన్నీ తీసుకుపోయే వాళ్లకిచ్చి తొట్టి కడిగించాల. కడిగేది నువ్వు గాదు. నువ్వు రేపు నాతో ఆసుపత్రికి రావాల."

"ఈ దగ్గుకు ఆసుపత్రా వదినా?"

"ఆయన కూడా ఇదే మాట అన్నాడు."

మర్నాడు నాతో బయల్దేరాడు. రుక్మిణమ్మ నగరి నుంచి వచ్చింది. ఆసుపత్రి బెంచీ మీద ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని కూర్చున్నాం. ఊపిరితిత్తుల్లో జబ్బు మొదలైంది, కానీ తొందరగానే వచ్చారు, మూడు నెలలు ఆ గాలికి దూరంగా ఉండాలి, తర్వాత మళ్లీ చూసి చెబుతానంది డాక్టరమ్మ. గోవిందస్వామి నగరికి పోయాడు. షెడ్డుకు తాళం వేశాను. కడిగిన తొట్టి మీద పట్టీ బిగించి సిద్ధంగా ఉంది.

ఈ పొద్దున గోవిందస్వామి ఫోను చేశాడు. మొదట ఊపిరి వినబడింది, తర్వాత మాట. ఫోనులో నేను వినేది ముందు ఆ ఊపిరినే.

"ఇంకో నెలన్నర వదినా. పట్టీ మొరాయిస్తే పనికొస్తాయి, నాలుగు గుడ్డలు సించిపెట్టు."

ఫోను పెట్టి, పెట్టె తెరిచాను. అందులో మా ఆయన పంచె ఒక్కటే మిగిలింది. గోవిందస్వామిని ఆసుపత్రికి తీసుకుపోయే ముందు రోజు చించుదామని అంచున కత్తెరతో గాటు పెట్టి వదిలేసింది అదే. తీసి ఒడిలో పెట్టుకున్నాను. రెండు వేళ్లతో పట్టి లాగితే కింది దాకా చిరుగుతుంది, ఆ పని నా చేతులకు బాగా తెలుసు.

గాటు లోపలికి పోయేటట్టు మడిచి, పెట్టెలో పెట్టేశాను.