చక్రాలకు చుట్టిన జరీ

మొన్న దీపాలు పెట్టే వేళకు అరసవల్లిలో మా ఎదురింటి పాప కొత్త సైకిలు మీద వీధిలో తిరుగుతుంటే, దాని చక్రాలు రెండూ నీలంగా వెలుగుతూ సాగడం చూసి, బియ్యం చాట పక్కన పెట్టి అలాగే ఉండిపోయాను. ఊచలకు తగిలించే బుల్లి దీపాలట. పక్క నుంచి వచ్చే బండివాడికి కూడా పిల్ల కనిపిస్తుందని వాళ్ళ నాన్న కొన్నాడట. పక్క నుంచి అన్న ఆ ఒక్క మాటతో నా మనసు పాతపట్నం దారి పట్టింది.

నేను కాపురానికి వెళ్ళింది ఆ ఊరి దగ్గరి పల్లెకే. మా మామగారు సన్నాయి వాయించేవారు. పక్క ఊరి గుడిలో దేవుణ్ణి మేలుకొలిపే సేవ వారి తండ్రి నాటి నుంచి వస్తున్నది కనుక, చలి అయినా వాన అయినా తెల్లవారకముందే సన్నాయిని గుడ్డలో చుట్టి వీపుకు కట్టుకొని సైకిలెక్కేవారు. హ్యాండిలుకు కట్టిన టార్చిలైటు తప్ప మరో దీపం లేదు. టైరుకు ఆనుకొని గుర్రుమంటూ తిరిగి దీపం వెలిగించే డైనమోలు నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటాయి, అది పెట్టించుకోమని మా ఆయన ఎన్నిసార్లు చెప్పినా, "అదెట్టుకుంటే తొక్కుడు బరువవతాదిరా. ఊపిరంతా సక్రానికెట్టేస్తే సన్నాయికేటి మిగులుతాది?" అనేవారు.

ధనుర్మాసంలో ఒకనాడు, మంచు దట్టంగా కురుస్తుండగా, పొలాల బాట నుంచి రోడ్డెక్కుతున్న ట్రాక్టరు వారిని పక్క నుంచి గుద్దింది. టార్చి వెలుగు ముందుకే గాని పక్కకు లేదు, పైగా కప్పుకొన్నది నల్ల దుప్పటి. ట్రాక్టరు నడిపిన అతనే ఎత్తి ఇంటికి తెచ్చి, గుమ్మంలో నిలబడి ఏడ్చాడు. సన్నాయి బాగానే ఉంది, ఎడమ చెయ్యి విరిగింది.

కట్టు విప్పాక ఉంగరపు వేలు పూర్తిగా వంగలేదు. పశువుల సాలలో కూర్చొని సాధన చేసి చేసి ఆ వేలిని మళ్ళీ దారికి తెచ్చుకున్నారు గాని, సైకిలు మాత్రం ముట్టుకోలేదు. ఇంకా ముందే లేచి నడిచి వెళ్ళేవారు. మంచులో అంత దూరం నడిచేసరికి దగ్గు పట్టుకుంది, పాట మధ్యలో ఊపిరి తెగిపోతోందని ఊళ్ళో అనుకోవడం మొదలుపెట్టారు. ఊపిరి దాచుకోవాలని డైనమో వద్దన్న మనిషి ఆ ఊపిరినే నడకలో పోగొట్టుకుంటుంటే చూడలేకపోయాను. కొత్త కోడల్ని, ఎదురుగా నిలబడి చెప్పే చనువు లేదు.

ఒక సాయంత్రం పెట్టె తెరిస్తే నా పెళ్ళి చీర అంచు మీద దీపం వెలుతురు పడి మెరిసింది. కత్తెర తీసుకొని ఆ జరీ అంచు కోసి, పేలికలు చేసి, సైకిలు ఊచల మధ్య అల్లాను. మా ఆయన సందు చివర నుంచి టార్చి వేశారు, నేను చక్రం తిప్పాను, రెండు చక్రాలూ తళతళలాడాయి. అంతలో అత్తగారు వచ్చారు.

"పెళ్ళి సీర కోసీసినావేటే? నీకు మతున్నాదా?"

మామగారు వచ్చి, విరిగి అతికిన ఆ ఎడమ చేత్తోనే చక్రాన్ని ఒకసారి తిప్పి చూసి, లోపలికి వెళ్ళిపోయారు. మర్నాడు నేను లేచేసరికి గోడ దగ్గర సైకిలు లేదు.

కొన్నాళ్ళకు అన్నం తింటూ మామగారే చెప్పారు. "పక్క రోడ్డు మీంచొచ్చిన బస్సోడు దూరాన్నే ఆపీసినాడమ్మీ. ఏటి మెరుస్తున్నాదని దిగొచ్చి సూసినాడు." అత్తగారు వడ్డిస్తూనే విన్నారు. తొలి వానల బురదకు జరీ నల్లబడి, ఇక ఏం కట్టాలా అనుకుంటుంటే, ఆవిడ తన చీర అంచు తెచ్చి నా ఒళ్ళో పడేసి, "ఇది గట్టి జరీ. వానకి ఆగుతాది" అని వెళ్ళిపోయారు.

ఆ తరువాత ఏళ్ళ తరబడి వారు సేవ తప్పకుండా వాయించారు. ఇప్పుడు ఆ దారంతా వీధి దీపాలే, గుడిలో మీట నొక్కితే రికార్డు సన్నాయి మోగుతుంది, చీకట్లో ఎవరూ వెళ్ళనక్కరలేదు. సుఖమే, కాదనను. ఆ రోజుల్లో వాకిలి ఊడ్చే ఆడవాళ్ళు తమ గుమ్మం దీపానికి రోడ్డు మీద తళుక్కుమన్నది చూసి, సన్నాయి మావ వెళుతున్నాడని పోల్చుకొని పనులకు తొందరపడేవారు. ఇప్పుడు వెలుగుకు కొదవ లేదు గాని, అంత పొద్దున్నే మన గుమ్మం ముందు నుంచి పోయే మనిషి ఎవరో మనకు తెలియదు.