ఎర్ర కారు మీద నా చెయ్యి

“చేతికంటిన మైనం అట్లే ఉండనీ అక్కా, తోలు మెత్తబడతాది.”

“కడగనులే అన్నా.”

అతనితో నా చివరి మాట అదే. మా ఇంటాయన కన్నుమూసిన ఏడాది, ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సు పంచరై ఒక షెడ్డు ముందు ఆగింది. లోపల రెండే సీట్ల రేసు కారు. ఏళ్ల తరబడి అందులో కోళ్లు గుడ్లు పెట్టాయట. ఇప్పుడు ఒక సాయిబు దాని ఎర్ర రంగుకు మైనం రుద్దుతుంటే నిప్పులా వెలుగుతోంది. బస్సులో వాళ్లమంతా చుట్టూ మూగాం.

“తాకొద్దప్పా! ఉంగరమో గాజో తగిలి గీత పడిందంటే నా పది దినాల పని మన్నయిపోతాది” అని అరిచాడు. అంతలో బోసిగా ఉన్న నా చేతులు చూశాడు. “అక్కా, నువ్వు రా. సాండ్‌పేపరు పట్టీ పట్టీ నా వేళ్లు మొద్దుబారినాయి. యాడన్నా గరుకుందేమో తడిమి సెప్పు.”

“శుభమా అని మెరిసే బండికి ఆ చెయ్యా?” అని పక్కనున్నామె గొణిగింది.

“ఈ పనికి ఆ చెయ్యే కావాల తల్లీ” అన్నాడు.

ఊపిరి బిగబట్టి తడిమాను. తలుపు అంచున ఇసక రేణువంత తగిలింది. “ఈడన్నా” అన్నాను. అతను రుద్దాడు. మళ్లీ తడిమితే వెన్న. ఆ ఎరుపులో నా ముఖం, బొట్టు లేని నుదురుతోనే, దీపంలా కనబడింది.

ఏదమ్మా కోడలా, నేను చెప్పిందంతా రాసినావు కదా, “ఆ చెయ్యే కావాల” అన్నాడు చూడు, ఆడ నుంచి ఇంకోసారి చదువు.